చీమలు చెదిరాయి సరే, ఎటు చెదిరాయో చెప్పరేం?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన మంగళవారం మీ పేపర్లో వచ్చిన గళ్ళనుడికట్టు పజిల్లో 7 అడ్డం ఒకసారి తీసి చూడండి. ఆధారం "చెదిరిన చీమలు (3)". చీ, మ, లు, మూడక్షరాలు. అటూ ఇటూ చేసి గడుల్లో వేసుకోమన్నారు, బాగానే ఉంది. మధ్య గడిలోకి నిలువు మాట నుంచి "లు" వచ్చి కూర్చుంది. మిగతా రెండు గడుల మీదుగా ఏ నిలువు మాటా దిగదు. ఇక చీ ముందుండాలా, మ ముందుండాలా అన్నది ఆ పైవాడికే తెలియాలి. మా షాపులో ఒక ప్లీడరు గుమాస్తా గారు "చీలుమ" అని వేశారు, ఒక దస్తావేజు లేఖరి గారు "మలుచీ" అని వేశారు, ఒకరి కాగితం ఒకరు చూసుకుని నాది రైటంటే నాది రైటని వాదించుకుని, చివరికి రెండు టీల పందెం కాసుకున్నారు. బుధవారం మీరు వేసిన జవాబు "మలుచీ". మలుచీ ఎందుకయింది, చీలుమ ఎందుకు కాలేదు అని గుమాస్తా గారు నన్ను నిలదీశారు. నేను పజిల్ కట్టినదాన్ని కాదు కదండీ, జిరాక్స్ తీసినదాన్ని.

మాది రాజమండ్రిలో కోర్టు దగ్గర సందులో జిరాక్స్ షాపు. బోర్డు మీద రాజమహేంద్రవరం అనే రాయించాం, నోటికి మాత్రం రాజమండ్రే వస్తుంది. పొద్దున్నే షట్టర్ ఎత్తి, మిషన్ వేడెక్కేలోగా మీ పేపర్లో పజిల్ ముక్క కత్తిరించి, ఎనిమిదో తొమ్మిదో కాపీలు తీసి కౌంటర్ మీద పెడతాను. రోజూ మిషన్ ఎలా ఉందో చూడ్డానికి ఎలాగూ ఒక కాపీ తీయాలి, పజిల్లో నల్ల గడులుంటాయి కాబట్టి టోనర్ సరిగ్గా పడుతోందో లేదో ఇట్టే తెలిసిపోతుంది. అక్కడ మొదలైన అలవాటు ఇది. ఇలా కాపీలు తీయడం తప్పని మా దగ్గరికొచ్చే లాయరు గారొకాయన నవ్వుతూనే బెదిరిస్తుంటారు, ఆయన కాపీ మాత్రం అందరికంటే ముందు పట్టుకుపోతారు. నేరం ఒప్పేసుకుంటున్నాను, కావాలంటే నోటీసు పంపండి, ముందు ఈ ఉత్తరం చదవండి.

కాపీలు తీసుకున్నవాళ్లు వాయిదాల మధ్య, స్టాంపు పేపర్ల కోసం నిలబడ్డప్పుడు పెన్సిల్‌తో నింపుకుంటారు. మధ్యాహ్నం భోజనాల వేళకి నా దగ్గరికి చేరి అసలు పని మొదలుపెడతారు. అసలు పని అంటే నింపడం కాదండీ, ఎందుకలా అయిందో తెలుసుకోవడం. అటూ ఇటూ అక్షరాలు పడితే మాట దానంతటదే వచ్చేస్తుంది, కానీ ఆ ఆధారానికీ ఆ మాటకీ ఏం సంబంధమో తెలియకపోతే పంటికింద రాయిలాగ సాయంత్రం దాకా అలా తగులుతూనే ఉంటుంది. మీరేమో మర్నాడు ఉత్త జవాబుల గడి వేసి ఊరుకుంటారు, అదీ తలకిందులుగా, భూతద్దం పెట్టుకుంటే కనబడే సైజులో. అందుకని వివరణ చెప్పే పని నా నెత్తిన పడింది. ఏ మాట ఎలా వచ్చిందో రోజూ ఒక్కో లైను రాసి, మర్నాటి కాపీల వెనకవైపు ప్రింటు తీస్తున్నాను. మీరు చెయ్యాల్సిన పని నేను నా కాగితం, నా ఇంకు పెట్టి చేస్తున్నానన్న మాట. ఆ లైన్లేవో మీరే వెయ్యండి అని అడగడానికే ఈ ఉత్తరం. చీమల సంగతి అనుకోకుండా ముందుకొచ్చేసింది.

వివరణ ఎందుకు, తెలుగొచ్చినవాళ్లకి ఆ మాత్రం తెలియదా అంటారేమో. "తెల్లటి వాటా (2)" అని ఇచ్చారొకసారి. అందరూ పాలు అని వేశారు, తెల్లగా ఉండేవి పాలే కదా అని. వాటా ఎందుకొచ్చిందో సగం మందికి తెలియలేదు. ఈమధ్యే సన్నదు తీసుకున్న ఒక లాయరమ్మాయి అయితే, పాల వ్యాపారంలో వాటా అనుకున్నానండీ అంది. అప్పుడు మన లేఖరి గారు బెంచీ మీద నుంచి లేచి, తన సంచీలోంచి ఒక పాత భాగపంపకం దస్తావేజు తీసి, అందులో "మూడు పాళ్లలో ఒక పాలు" అని ఉన్న చోట వేలు పెట్టి చూపించారు. పాలు అంటే వాటా, అందుకే పాలికాపు, పాలివాళ్లు, "నా పాలిట" అన్నీ అక్కడివే అని ఆయన చెబుతుంటే ఆ అమ్మాయి ఫోన్లో ఎక్కించుకుంది. ఆస్తి తగాదాల కేసులే వాదించాల్సిన పిల్ల, ఆ మాట లా కాలేజీలో కాకుండా నా షాపులో నేర్చుకుంది. ఈ చమత్కారం మీ పజిల్ కట్టినవారిదే, పూర్తి మార్కులు వారికే. కానీ పక్కన "పాలు అంటే వాటా" అని మూడు మాటలు వేసి ఉంటే, మా లేఖరి లేని ఊళ్లలో ఉన్నవాళ్లకి కూడా అది అందేది.

ఇంకోటి. "ఎటు ఒరిగినా అదే పడుతుంది (3)". జవాబు కునుకు అని అక్షరాలు పడ్డాక తేలిపోయింది. ఒరిగితే కునుకు పడుతుంది, నిజమే. కానీ "ఎటు ఒరిగినా" అని ఎందుకన్నారు? కుర్చీలో అయితే ఎటు ఒరిగినా పడుతుంది, అంతే కదా అన్నారు గుమాస్తా గారు. నాకెందుకో అంతటితో అయిపోలేదనిపించింది. రెండు రోజులు గడిచాయి. ఒకరోజు నింపిన కాగితం ఒకటి కౌంటర్ మీద ఎవరో వదిలేసి వెళ్తే, వెనకవైపు ఖాళీగా ఉందా లేదా చూద్దామని ట్యూబులైటుకి ఎదురుగా ఎత్తి పట్టుకున్నాను. వెనక నుంచి చూస్తే అన్ని మాటలూ తిరగబడి కనిపిస్తాయి కదా, అదొక్కటి మాత్రం తిరగబడలేదు. కు, ను, కు. ముందు నుంచీ అదే, వెనక నుంచీ అదే! వికటకవి అంటే చిన్నపిల్లలు కూడా చెప్తారు, కునుకు కూడా ఆ జాతే అని నాకు అప్పటిదాకా తట్టలేదు. ఆ సంతోషంలో ఎవరికో పది కాపీలకి ఎనిమిదికే డబ్బులు తీసుకున్నాను. ఆ తర్వాత పులుపు, జలజ, మహిమ, నందనం, కంటకం అని అందరూ పోటీపడి వెతికారు, ఆ వారం మీ పజిల్‌కంటే అదే ఎక్కువ నడిచింది.

మీ పజిల్ కట్టే ఆయన, లేదా ఆవిడ, మామూలు మనిషి కాదండీ. అది చెప్పకుండా ఫిర్యాదు రాస్తే కళ్లు పోతాయి. కోర్టు పక్కన కూర్చున్నదాన్ని కాబట్టి నాకు అన్నిటికంటే నచ్చింది "వాది వెనక్కి తిరిగితే పగలే (2)". చదవగానే కేసులో రాజీ కుదరక పగలు పెంచుకున్న అన్నదమ్ములు కళ్లముందు కదులుతారు, రోజూ చూస్తూనే ఉంటాం. మా గుమాస్తా గారు "పగలు అంటే కక్షలు, రెండక్షరాల్లో కక్ష" అని చాలాసేపు అక్కడే ఆగిపోయారు. అసలు సంగతి చూస్తే, వాది అనే మాటని వెనక్కి తిప్పితే దివా. దివా అంటే పగటిపూట, దివారాత్రాలు అంటాం చూడండి, అది. ఎన్ని మలుపులండీ ఇందులో! మనల్ని కక్షల వైపు పంపించి, తను పగటిపూట వైపు వెళ్లిపోయారు. పైగా గడిలో పడిన మాట అసలైన మాట, "దివా", నిఘంటువులో ఉన్న మాట.

నా గొడవంతా అక్కడే ఉంది. తిప్పడం, చెదరగొట్టడం ఆధారంలో ఉండాలి, గడిలో ఉండకూడదు. గడిలో చివరికి నిలబడేది ఒక మాట అయి ఉండాలి. వాదిని తిప్పితే దివా వచ్చింది, శభాష్. చీమల్ని చెదరగొడితే మలుచీ వచ్చింది, మలుచీ అంటే ఏంటి? ఏ ఊరి వంటకం? మూడక్షరాల మాటని అసలుది కాకుండా అయిదు రకాలుగా తిరగెయ్యచ్చు, నాలుగక్షరాల మాటని ఇరవై మూడు రకాలుగా తిరగెయ్యచ్చు, అందులో ఏది మీ మనసులో ఉందో మాకెలా తెలుస్తుంది? ప్రతి గడి మీదుగానూ నిలువో అడ్డమో ఇంకో మాట వెళ్తుంటే సరిపోయేది, మీ పజిల్లో అలా లేదు. ఈ ఒక్క నెలలోనే "తికమకపడిన మామిడి", "కుడి ఎడమైన పెళ్లికూతురు", "తలకిందులైన తహసీల్దారు" వచ్చాయి. తహసీల్దారు గారిని కింద నుంచి పైకి రాసి చూశారా ఎప్పుడైనా? ఏ పనీ లేనివాళ్లు చేసే పనిలా ఉంటుంది. నాకు తెలిసి గడుల్లో ఏ మాటా ఇమడనప్పుడు, అడ్డదిడ్డంగా మిగిలిపోయిన అక్షరాలకి తర్వాత ఇలా పేరు పెడుతున్నారు. ఒకటీ అరా అయితే సర్దుకుపోతాం, రోజుకి నాలుగయిదు అంటే మాత్రం బద్ధకమే.

తెలుగులో గడి కట్టడం కష్టమని నాకు తెలియక కాదు. ఇంగ్లిష్ వాళ్లకి ఉన్నవి ఇరవై ఆరు అక్షరాలు, ఒక మాటలోని E ఇంకో మాటలోని E తో సులువుగా కలుస్తుంది. మనకి ఒక్కో గడిలో హల్లూ గుణింతమూ సున్నా ఒత్తూ అన్నీ కలిసి కూర్చోవాలి. ముప్పై ఆరు హల్లులకి గుణింతాలు వేసుకుంటేనే నాలుగు వందలు దాటిపోతాయి, ఒత్తుల జోలికి ఇంకా వెళ్లనే లేదు. నిలువు మాటలో "ర్మి" వచ్చిందనుకోండి, దాన్ని దాటే అడ్డం మాట కోసం ఎన్ని నిద్రలేని రాత్రులో. మా మేనల్లుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, అత్తా నీకో పజిల్ యాప్ చేసిస్తానని మొదలుపెట్టాడు. స్త్రీ అని టైపు చేస్తే ఆ ప్రోగ్రాం ఆరు గడులు కావాలంది. స, దానికింద విరామం, త, మళ్లీ విరామం, ర, దీర్ఘం, అలా లెక్కపెడుతుందట కంప్యూటర్. మనం రెండో క్లాసు నుంచి ఒక్క గడిలో రాసేదాన్ని! వాడు ఇప్పటికీ దానితోనే కుస్తీ పడుతున్నాడు.

కష్టమైతే కష్టం, ఆ కష్టంలోనే ఇంగ్లిష్ వాళ్లకి దొరకని సరుకు మనకి దొరుకుతుంది. "కల" అనే చిన్న మాట తీసుకోండి. పక్కన సున్నా పెడితే కలం అయి రాస్తుంది, కింద ఒత్తిస్తే కల్ల అయి అబద్ధం ఆడుతుంది, నెత్తిన గుడి కడితే కలి అయి యుగమే మారిపోతుంది. "కలలో గుడి కట్టిన యుగం (2)" అని మీరు ఇచ్చిన రోజు నేను కాగితం పట్టుకుని పక్క టీ కొట్టు దాకా వెళ్లి చదివి వినిపించి వచ్చాను. గుడి అంటే దేవుడి గుడీ, అక్షరం మీద గుడీ రెండూను. అలాగే "జామ కొమ్ము పట్టుకుని మూడు గంటలు (2)". అందరూ కొమ్మ అని చదివి, అచ్చుతప్పు పడిందనుకున్నారు. అచ్చుతప్పు కాదు, కొమ్మే. జామకి కొమ్మిస్తే జాము, జాము అంటే మూడు గంటలు. చిన్నప్పుడు గుణింతం చెప్పించుకున్న ప్రతివాడికీ తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము అన్నీ తెలుసు, కానీ అవి మాటలుగా కూడా పనికొస్తాయని ఎవరనుకుంటారు? ఇక్కడ కూడా వివరణ వేసి ఉంటే ఆ రోజు మీ ఆఫీసుకి "అచ్చుతప్పు పడిందండీ" అని ఒక్క ఫోను కూడా వచ్చేది కాదు. ఒకటి మాత్రం వచ్చే ఉంటుంది, గుమాస్తా గారు చేశారు.

సంధులు కూడా మీ వాళ్లు ఇంకా సరిగ్గా వాడుకోవట్లేదని నాకనిపిస్తుంది. నేనొకటి కట్టాను, నచ్చితే వాడుకోండి, డబ్బులొద్దు. "లావెక్కించే ఊరు, గోదారికి ఆవలి ఒడ్డు (3)". కొవ్వుకి ఊరు కలిపితే ఉత్వసంధి, కొవ్వూరు. మా ఊరి నుంచి రైలు కమ్ రోడ్డు వంతెన ఎక్కితే దిగేది అక్కడే. ఇంకోటి, "ఆవు, రమ్మనే పిలుపు, పైరు: కలిస్తే నది (4)". ఆవు అంటే గో, మా వైపు దూడని పిలిచినా పిల్లని పిలిచినా "దా" అంటారు, పైరు వరి. గోదావరి. "రావణుడికి ఒకటే, గోదారికి బోలెడు (2)" అన్నది లేఖరి గారిది, లంక. నది మధ్య ఉండే దీవిని కూడా లంకే అంటాం. లంక పొగాకు, లంక పొలాలు తెలిసినవాళ్లకి నోట్లో మాటే, తెలియనివాళ్లు రావణుడి దగ్గరే ఆగిపోతారు. ఆ లాయరమ్మాయి కూడా కట్టింది ఒకటి, "కుస్తీకీ పెళ్లికీ కావాలి (2)", పట్టు. దాని మీద ఒక పెళ్లయిన ఆయన రెండిటికీ తేడా లేదులెమ్మా అన్నారు, అది వదిలెయ్యండి.

ఇంగ్లిష్ క్రాస్‌వర్డ్‌లలో ఇలాంటి పేచీలు ఎప్పుడో తీర్చేసుకున్నారు. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ అనే పేపర్లో ఆర్థర్ విన్ అనే ఆయన మొదటిది వేసినప్పుడు దానికి నల్ల గడులు కూడా లేవు, ముగ్గులో డైమండ్ ఆకారంలాగ ఉండేది, ఆధారాలన్నీ సూటి అర్థాలే. మెలికలు పెట్టింది తర్వాత ఇంగ్లండ్ వాళ్లు. జిమినీజ్ అనే మారుపేరుతో లండన్ అబ్జర్వర్‌కి 1939 నుంచి ముప్పై ఏళ్లకి పైగా పజిళ్లు కట్టిన ఒక బడిపంతులు అందరికీ ఒక దారి చూపించాడు. ఆధారంలో సూటి అర్థం ఒకటుండాలి, ఆ మాటనే చేరుకోవడానికి ఇంకో అడ్డదారి ఉండాలి, ఈ రెండూ తప్ప పనికిమాలిన మాట ఒక్కటి కూడా ఉండకూడదు. "వాది వెనక్కి తిరిగితే పగలే" ఈ పరీక్షలో పాసవుతుంది. "వాది వెనక్కి తిరిగితే" అడ్డదారి, "పగలే" సూటి అర్థం. "చెదిరిన చీమలు"లో సూటి అర్థమేదండీ? మలుచీ అనే దానికి అర్థమే లేనప్పుడు ఎక్కణ్నుంచి వస్తుంది!

వాళ్ల నుంచి నేర్చుకోవాల్సింది ఇంకోటుంది. మా లాయరు గారు వారానికోసారైనా చెప్పే కథ ఒకటుంది, ఇక్కడ పనికొస్తుంది. 1944లో లండన్ డైలీ టెలిగ్రాఫ్ పజిల్లో ఉటా, ఒమాహా, ఓవర్‌లార్డ్, మల్బరీ, నెప్ట్యూన్ అని వరసగా జవాబులొచ్చాయి. అవన్నీ జూన్ 6న ఫ్రాన్స్ తీరంలో దిగబోతున్న సైన్యాల రహస్య సంకేత పదాలు. గూఢచారి శాఖ వాళ్లు హడలిపోయి, ఆ పజిళ్లు కట్టిన లియొనార్డ్ డా అనే స్కూలు హెడ్మాస్టరు ఇంటికి వెళ్లి ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు, ఆయనకేమో ఏమీ తెలియదు. నేననేది ఏంటంటే, వాళ్లకి కనీసం ఎవర్ని అడగాలో తెలిసింది. మా మలుచీ గురించి ఎవర్ని అడగాలి? జిల్లా పేజీలో ట్రాక్టర్ బోల్తా పడిన వార్తకి విలేకరి పేరు వేస్తారు, వంటల శీర్షికలో బీరకాయ పచ్చడి పంపినావిడ పేరుతో పాటు ఫొటో కూడా వేస్తారు, రోజూ వేల మందిని గంటసేపు కూర్చోబెట్టే పజిల్ కింద మాత్రం ఎవరి పేరూ ఉండదు. శ్రీశ్రీ పదబంధ ప్రహేళిక అన్నారు, ఆరుద్ర గళ్ళనుడికట్టు అన్నారు, అంతటివాళ్లు కూర్చుని కట్టిన వస్తువు ఇది. మా నాన్న అలాంటివి నింపుతూ "ఈయన ఇలా అన్నాడంటే ఇక్కడేదో తిరకాసు ఉంటుందే" అని కట్టినాయన్ని పక్కనే కూర్చున్నట్టు తిట్టుకునేవారు. పేరు తెలిస్తే వచ్చే చనువు అది. మేం ఎవర్ని తిట్టుకోవాలి?

స్పెల్లింగుల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, మళ్లీ ఇంకో ఉత్తరం రాయలేను. పుస్తకం అని ఒక రోజు, పుస్తకము అని ఇంకో రోజు. సెలవుని శలవు చేశారు. కిటికీకి దీర్ఘం తీసేసి "కిటికి" అని వేసి, ఎటు నుంచి చూసినా ఒకేలా ఉంటుంది అని ఆధారం ఇచ్చారు. ఎవరింట్లో అండీ కిటికి? బస్సు ఒకసారి బ, స్సు అయింది, ఇంకోసారి బ, స్ అని పొల్లుకి ప్రత్యేకంగా గడి కేటాయించారు. ఏదో ఒకటి ఎంచుకోండి, దాన్నే పట్టుకోండి, ఆ పద్ధతేంటో మాకూ ఒకసారి చెప్పండి, మేం అలవాటు పడతాం.

వివరణకి చోటు లేదు అంటారని నాకు తెలుసు. పేపర్ని ముందు నుంచి వెనక దాకా కత్తిరించేదాన్ని, ఏ పేజీలో ఎంత చోటుందో నాకూ తెలుసు. మీ పజిల్లో అడ్డం నిలువు కలిపి రోజుకి ఇరవై ఆధారాలు దాటవు. అందులో సగానికి వివరణే అక్కర్లేదు. మిగిలిన పదికి పది లైన్లు, అదీ "కలప తిప్పితే పలక", "కడప తిప్పితే పడక", "మర తిప్పితే రమ, అంటే లక్ష్మి" లాంటివి, లైనుకి అయిదు మాటలు మించవు. పక్కనే రాశిఫలాలకి పన్నెండు పేరాలు ఇస్తున్నారు, మేషానికీ మీనానికీ వారంలో మూడు రోజులు ఒకే ఫలితం వస్తోంది. వాటిని ఒక్కో లైను తగ్గించినా మా పది లైన్లకి చోటు దొరుకుతుంది. జవాబులు తలకిందులుగా వెయ్యడం కూడా మానెయ్యచ్చు, అవి నిన్నటివే కదా, ఎవరి నుంచి దాస్తున్నారు?

"నవల చెదిరితే కారణం (3)" అని మొన్న శనివారం వచ్చింది. న, వ, ల, వీటిని మారిస్తే వలన. "వలన" అంటే కారణం చెప్పే విభక్తే. చూశారా, ఇది కూడా చెదరగొట్టిందే, కానీ చెదిరాక ఒక మాటగా నిలబడింది, పంచమీ విభక్తి చదువుకున్న ప్రతివాడికీ నవ్వొచ్చింది. మీ వాళ్లకి చెయ్యడం చేతకాక కాదు. అందుకే ఇంత కోపం.

ఈ ఉత్తరంతో పాటు పోయిన నెల పజిళ్ల మీద నేను రాసిన వివరణల కాగితాలు పిన్ను కొట్టి పంపుతున్నాను. వాటిల్లో మూడు చోట్ల ప్రశ్నార్థకం పెట్టాను, అవి ఇక్కడ ఎవరికీ తెగలేదు, జవాబు అచ్చయినా సరే ఎందుకో అర్థం కాలేదు. వీలైతే పజిల్ కట్టినవారికి చూపించి, వాటి పక్కన రెండు మాటలు రాయించి పంపండి. తిరుగు టపాకి కవరు కూడా పెట్టాను. టపా అన్నాను కదా, పాట తిప్పితే వచ్చేది, అది కూడా వాడుకోవచ్చు.

మీరు చీలుమ కూడా ఒప్పేనంటే లేఖరి గారు టీలు ఇప్పించాలి, మలుచీ ఒక్కటే అంటే గుమాస్తా గారు ఇప్పించాలి. ఇద్దరి దగ్గరా తీసుకున్న డబ్బులు నా గల్లాపెట్టెలో విడిగా ఒక కవర్లో పెట్టి ఉంచాను, పైన "మీ పేపరు తీర్పు వచ్చేదాకా" అని రాశాను.

ఇట్లు,
కోర్టు సందులో జిరాక్స్ షాపు ఆవిడ,
రాజమహేంద్రవరం.
(పేరు వెయ్యనక్కర్లేదు. మీ పజిల్ కట్టినవారి పేరు వేసిన రోజు నాదీ వేద్దురుగాని.)